అయిదు సెకన్ల మేడమ్

జులై 3, సోమవారం. సాయంత్రం 5.40

నిర్ణయం తీసుకున్నాను. రేపటి నుంచి తరగతిలో ప్రశ్న అడిగాక అయిదు సెకన్లు నోరు మూసుకుంటాను.

కారణం: ఉపాధ్యాయ ప్రమాణాల పత్రం, నాలుగో అంశం. "ప్రశ్న అడిగిన తర్వాత విద్యార్థికి ఆలోచించే వ్యవధి ఇస్తారు." నిరుడు మా హెడ్‌మిస్ట్రెస్ గారు, మేమంతా పెద్ద మేడమ్ అంటాం, వెనక బెంచీలో కూర్చుని వాచీ పెట్టి కొలిచారు. నా సగటు 0.8 సెకను. కింద రిమార్కు: "సగం మాట టీచరు అంటారు, మిగతా సగం పిల్లలు అంటారు. ఆలోచించేవారు లేరు."

నిజమే. "నీరు ఆవిరిగా మారడాన్ని ఏమంటారు? బాష్పీ...?" అంటాను. నలభై మందీ "భవనం!" అని అరుస్తారు. పంతొమ్మిదేళ్లుగా ఇదే వరస.

ఈసారీ తప్పితే పదో తరగతి సైన్సు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఎనిమిది నుంచి నేను చెబుతున్న పిల్లలు. వదులుకోను.

తనిఖీ 14న. బోలెడు టైముంది!

జులై 4, మంగళవారం

మొదటి ప్రశ్న: మరిగే నీళ్లలో లేచే బుడగల్లో ఏముంటుంది?

ఒకటి. రెండు. మూడు. చెమట పట్టింది. నాలుగు. ముందు వరుసవాడు: "మేడమ్, ఒంట్లో బాలేదా?"

అయిదు!

"గాలి" అన్నారు ముప్పై మంది. "ఆవిరి" అంది ఒక్క గొంతు. కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి. మూడేళ్లలో ఆ పిల్ల గొంతు హాజరు పిలిచినప్పుడు తప్ప వినలేదు.

స్కోరు: పదకొండు ప్రశ్నల్లో తొమ్మిది నెగ్గాను. ఇంత సులువా!

జులై 5, బుధవారం

అలవాటు పడాలంటే ఇంట్లోనూ పాటించాలి.

ఉదయం 6.50. అత్తయ్య: "టీ పెట్టావా అమ్మా?" అయిదు సెకన్లు ఆగాను. జవాబు చెప్పాల్సింది నేనేనని తర్వాత తట్టింది.

7.05. ఆయన వంటింట్లోకి వచ్చి: "ఏంటి, అత్తాకోడళ్లకి మాటల్లేవా?"

సాయంత్రం 6.30. "గేటుకు గడియ పెట్టారా?" అని ఆయన్ని అడిగి ఆగాను. అయిదు సెకన్లూ నా మొహమే చూశారు.

"పెళ్లయిన ఇన్నేళ్లలో నా జవాబు కోసం నువ్వు ఆగడం ఇదే మొదలు. నిజం చెప్పు. నా రిపోర్టులు చూసి డాక్టరు నీకేమన్నా చెప్పాడా?"

జులై 7, శుక్రవారం

వాన. రేకుల కప్పు మీద ఒకటే మోత. అంత మోతలో నేను మౌనంగా ఉన్నా ఎవరికీ తెలియదు. కాబట్టి ఇవాళ్టిది లెక్కలోకి రాదు.

స్టాఫ్ రూమ్‌లో లెక్కల మాస్టారు: "మేడమ్, మీ పదో తరగతి నుంచి చప్పుడే రావట్లేదు. గోడకి ఇవతల మావాళ్లు జడుసుకుంటున్నారు."

"ప్రమాణం పాటిస్తున్నాను మాస్టారూ."

"పాటించండి, పాటించండి. సిలబస్ ఎందాకా వచ్చింది?"

ఒక పాఠం వెనకబడింది. మాట మార్చాను.

జులై 10, సోమవారం

సవరణలు:
ఆగాల్సింది మూడు సెకన్లు.
దగ్గితే ఒక సెకను కలుపుకోవచ్చు.
బోర్డు తుడిస్తే రెండు.

ఫలితం: పద్నాలుగు దగ్గులు. పిల్లలు మంచినీళ్లు తెచ్చిచ్చారు. బోర్డు మాత్రం అద్దంలా ఉంది.

జులై 12, బుధవారం

రెండో పీరియడ్‌లో నోరు జారింది. "బాష్పీ...?"

"భవనం!"

కిటికీలు అదిరాయి. ఎంత హాయి! "మేడమ్‌కి నయమైపోయిందిరా" అన్నాడు ముందు వరుసవాడు. ఆ తర్వాత గంట కొట్టేదాకా నేనే మాట్లాడాను. వెనకబడ్డ పాఠం పూర్తి. కిటికీ పక్క అమ్మాయి మాత్రం తల వంచుకుని నోట్సు వెనక పేజీలో గళ్లు గీసుకుంటూ కూర్చుంది.

తనిఖీ ఎల్లుండి.

జులై 14, శుక్రవారం

ఉదయం 10.20. వెనక బెంచీలో పెద్ద మేడమ్. వాచీ, పెన్ను, పత్రం. ఆమె కూడా ఒకప్పుడు సైన్సు టీచరే. ఇరవై నాలుగేళ్లు.

బల్ల మీద చల్లటి నీళ్ల గ్లాసు పెట్టి అడిగాను: గ్లాసు బయట ఈ తడి ఎక్కణ్నుంచి వచ్చింది?

ఒకటి. రెండు. మూడు. కిటికీ పక్కన చెయ్యి మెల్లగా లేస్తోంది. నాలుగు. నా నాలుక చివర "సాంద్రీ" సిద్ధంగా ఉంది. పళ్లు బిగించాను.

వెనక బెంచీ నుంచి: "గాలిలో ఉన్న ఆవిరే కదర్రా! దాన్నేమంటారు? సాంద్రీ...?"

"కరణం!"

పెద్ద మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. కిటికీ పక్క చెయ్యి దిగిపోయింది.

మధ్యాహ్నం 1.30. ఆఫీసు గది.

"నాలుగు పాయింట్ రెండు దగ్గర నేనే చెడగొట్టాను" అన్నారు. "ఉగ్గబట్టుకోలేకపోయానమ్మా."

"నేనూ అప్పుడే అనబోయాను మేడమ్."

"అది నాకెందుకు చెప్పావు? ఇప్పుడు రాయాల్సొస్తుంది."

రాయలేదు. నాలుగో అంశం ఖాళీగా వదిలారు. 28న మళ్లీ తనిఖీ. పదో తరగతి అప్పటిదాకా నాదే. "ఈసారి నోట్లో పెన్ను పెట్టుకుని కూర్చుంటాను. నీ సంగతి నువ్వు చూసుకో" అన్నారు.

3.50. గేటు దగ్గర ఆ అమ్మాయిని ఆపాను. "పొద్దున నీకు జవాబు తెలుసా?"

"సగం తెలుసు మేడమ్. మిగతా సగం వచ్చేలోపు ఎవరో ఒకరు చెప్పేస్తారు."

"ఎంతసేపు కావాలి నీకు?"

అడిగి ఆగాను. ఈసారి లెక్కపెట్టడం మర్చిపోయాను.

"ఇంకో రెండు సెకన్లు" అంది.

జులై 17, సోమవారం

మళ్లీ మొదటి రోజు. నిర్ణయం: ఏడు సెకన్లు. దగ్గులు చెల్లవు. ఇంట్లో వర్తించదు, ఇది ఆయన కోరిక.

మొదటి ప్రశ్న: ఎండ లేని రోజు కూడా ఆరేసిన బట్టలు ఎలా ఆరతాయి?

అయిదు దాకా బాగానే ఉంది. ఆరు దగ్గర నాలుక కరుచుకున్నాను. ఏడు. ఎనిమిది. తొమ్మిదికి కిటికీ పక్క అమ్మాయి లేచి నిలబడింది. బట్టల్లో నీళ్లు లోపల్లోపలే మరుగుతాయని, మనకు బుడగలు కనబడవని, మూడు వాక్యాల్లో ఎక్కడా ఆగకుండా చెప్పింది.

మొత్తం తప్పు.

సరిచెయ్యడానికి నోరు తెరిచాను. మూశాను. "ఎందుకలా అనుకున్నావు?" అని అడిగి, ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను.