పుల్లమ్మ బదులు మనిషి

గుంటూరు,
జనవరి 30.

అత్త పుల్లమ్మకు మేనకోడలు ఆరాధన వందనాలతో రాసేది. ఇక్కడ నేను బాగున్నా. నువ్వు బాగోలేవని తెలుసు గనక ఆ మాట అడగను.

మీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తోమా మామయ్య జేబులో ఉంటుంది. ఆయన స్పీకరు పెట్టకుండా మాట్లాడడు. నీ నెలసరి సంగతి దాచేపల్లి సెంటరు దాకా వినపడ్డం ఇష్టం లేక ఉత్తరం రాస్తున్నా.

మూడు నెలలుగా నీకు రక్తం ఎక్కువ పోతోందని, మీ ఊరి ఆర్ఎంపీ గర్భసంచి తీయించేయమన్నాడని, మామయ్య సరేనన్నాడని నాన్న చెప్పాడు. నీకు నలభై మూడేళ్లు. ఎవరూ సరిగ్గా చూడకుండానే తీయించుకుంటావా? మా ఆసుపత్రిలో డాక్టర్ అమూల్య గారు చూసిందాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టబాకు. ఫిబ్రవరి 5 బుధవారం పొద్దున తొమ్మిదింటికి నీ పేరు రాయించా. చీటీ ఇందులోనే పెట్టా. బుధవారాలు నన్ను వేటపాలెంలో జీడిపప్పు పనివాళ్ల క్యాంపుకి పంపుతారు, అందుకని నువ్వే వెళ్లాలి.

నీ ఆరాధన

తా.క. డాక్టరు గారు నిన్ను పరీక్ష చేస్తారు. నువ్వు ఆవిణ్ణి చేయబాకు.

*

దాచేపల్లి దగ్గర,
ఫిబ్రవరి 7.

అమ్మాయ్ ఆరాధనా, దేవుడి దయవల్ల ఇక్కడ అంతా క్షేమం. మిరపకోత జోరుగా ఉంది. నా ముఠాలో పదిహేడు మంది ఆడాళ్లం, ఒక్క పూట ఖాళీ లేదు.

నువ్వు చెప్పిన బుధవారం పని అయిపోయింది. తొమ్మిదింటికి పేరు పిలిచారు, పదింటికల్లా పరీక్ష అయింది. ఈ పుల్లమ్మ మేస్త్రీ అయ్యాక ఏ రైతు చేలోనూ సాలు వదిలిపెట్టి ఎరగదు, నీ డాక్టరు దగ్గర వదిలిపెడతానా? ఇక నువ్వు దిగులు పెట్టుకోకుండా వేళకి తిను.

మీ అత్త పుల్లమ్మ

తా.క. పరీక్షప్పుడు నొప్పేమీ లేదంట.

*

గుంటూరు,
ఫిబ్రవరి 13.

అత్తా, వందనాలు. క్షేమసమాచారాలు తర్వాత.

నీ రిపోర్టు నా చేతిలో ఉంది. అందులో ఏముందో తెలుసా? "గర్భసంచి లేదు. గతంలో ఆపరేషన్ చేసి తీసేశారు" అని ఉంది. ఎప్పుడు తీయించుకున్నావు? నాకొక్క మాట చెప్పాలనిపించలేదా? నీ కోసం ఎంత కొట్టుకుంటున్నానో నీకేం తెలుసు. రాత్రి అన్నం కూడా సయించలేదు.

గర్భసంచే లేకపోతే మూడు నెలలుగా ఆ రక్తం ఎక్కడి నుంచి వస్తున్నట్టు? అమూల్య గారికే అంతు చిక్కట్లేదు. వెంటనే పెద్దాసుపత్రిలో స్కానింగు తీయించాలంటున్నారు.

ఏడుపుతో, ఆరాధన

తా.క. తుళ్లూరు చర్చిలో నాన్న నీ కోసం ప్రార్థన చేయించాడు. జబ్బేమిటో చెప్పడానికి సిగ్గుపడ్డాడు. పాస్టరు గారు నీ మోకాళ్ల కోసం అరగంట కన్నీళ్లతో ప్రార్థించారు.

*

దాచేపల్లి దగ్గర,
ఫిబ్రవరి 17.

అమ్మాయ్, నా గర్భసంచి నా దగ్గరే ఉంది. ఎవరూ ఎత్తుకుపోలేదు.

నీ ఉత్తరం పోస్టుమాన్ తెచ్చి మీ మామయ్య చేతిలో పెట్టాడు. ఆయన చదివీ చదవగానే పొన్నుకర్ర తీసుకుని ఆర్ఎంపీ ఇంటి మీదికి పోయాడు. "ఏరా, నన్నడక్కుండా మా ఆవిడ గర్భసంచి ఎప్పుడు తీశావురా?" అని వీధిలో నిలబడి కేకలు. "నేనింకా తీయలేదు తోమన్నా, తీద్దామనే అనుకున్నా" అని ఆయన లోపల్నుంచి గడియ పెట్టుకున్నాడు. ఊరంతా చూసింది. నువ్వు ఉత్తరమెందుకు రాశావో, ఏం లాభమొచ్చిందో చూసుకో.

జరిగింది చెబుతా, తిట్టబాకు. ఆ ముందురోజు మంగళవారం నేను ముట్టయ్యాను. ఆ స్థితిలో డాక్టరమ్మ బల్ల ఎట్లా ఎక్కను? తెల్లటి దుప్పటి వేసి ఉంటుందని ఎప్పుడో అంటివి. పోకపోతేనేమో నువ్వు రాయించిన వంతు పోతుంది. మా ముఠాలో ఒక మనిషి రాలేకపోతే బదులు మనిషిని పంపుతాం, సాలు పోనియ్యం. అట్లాగే చీటీ ఇచ్చి, నాతో కాయలు కోసే ఖుర్షిదాని పంపా. పేరు పుల్లమ్మ అని, మొగుడు తోమా అని తడబడకుండా చెప్పిందట. దానికి గర్భసంచి తీసేసి పదేళ్లయిన సంగతి ఆ తొందరలో నాకు తట్టలేదు.

నిజం చెప్పనా? ముట్టొక్కటే కాదు, నాకు భయమేసింది. ముప్పై ఏళ్లకే తీసేస్తే ఖుర్షిదా నడుము ఏమైందో నేను రోజూ చూస్తున్నా, కాయల గంప ఎత్తలేదు. డాక్టరమ్మ కూడా తీసేయమంటే ఇక నాకు దిక్కెవరు? ఈ రక్తం ఆగాక వస్తాలే.

మీ అత్త పుల్లమ్మ

తా.క. ఖుర్షిదాకి రక్తం తక్కువుందని మాత్రలు రాశారు. నా పేరున వచ్చాయి గనక సగం నేను మింగుతున్నా.

*

గుంటూరు,
ఫిబ్రవరి 20.

మా పిచ్చి అత్తకు, వందనాలు.

మిరపకు తెగులొస్తే వ్యవసాయాఫీసరుని ఎప్పుడు పిలుస్తావు? తెగులు పోయాకనా? రక్తం పోతుండటమే నీ బాధ. ఆగాక వస్తే ఆవిడేం చూడాలి? నెలసరిలో ఉన్నా నిక్షేపంలా పరీక్ష చేస్తారు. మరీ ఎక్కువగా ఉంటే, క్యాన్సరు ఉందేమో చూసే స్లైడు పరీక్ష ఒక్కటి మాత్రం వాయిదా వేస్తారు, అంతే. సిగ్గు ఇంట్లో పెట్టి రా. జరిగిందంతా అమూల్య గారికి చెప్పేశా. ఆవిడ చాలాసేపు నవ్వి, మార్చి 5 బుధవారం నిన్నే రమ్మన్నారు.

నీ ఆరాధన

తా.క. ఖుర్షిదా మాత్రలు ఖుర్షిదాకి ఇచ్చెయ్యి.

*

దాచేపల్లి దగ్గర,
మార్చి 14.

నా బంగారు తల్లి ఆరాధనకు అత్త పుల్లమ్మ గెలిచి రాసేది.

నాలుగో తారీఖునే మళ్లీ ముట్టయ్యాను. అయినా పోయాను. పదిహేడు మందిమీ కోత మానేసి కాయలు మోసే ఆటోల్లో పోయాం. రైతు మొత్తుకుంటే "రేపు రెండు పూటలు కోస్తాం పోవయ్యా" అన్నా.

బల్ల దగ్గర నిలబడి, "అమ్మా, నేను ఇట్లా ఉన్నానండి" అన్నా. డాక్టరమ్మ చేతులకి తొడుగులేసుకుంటూ, "ఉంటే ఏమైంది? నేను ఇరవై ఏళ్లుగా చూసేది ఇదేగా" అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. నా కన్నతల్లి కూడా ఈ సంగతి మామూలుగా మాట్లాడి ఎరగదు.

గర్భసంచి మూతి దగ్గర చిన్న పిలకలాగా కండ పెరిగి ఉందట. దానివల్లే రక్తమట. పండుకాయకి తొడిమ తీసినట్టు పది నిమిషాల్లో తీసేసింది. దాన్ని పరీక్షకి పంపితే చెడ్డదేమీ కాదని నిన్న రిపోర్టొచ్చింది. స్లైడు పరీక్ష వచ్చే నెల. గర్భసంచి జోలికి ఎవరూ పోనక్కర్లేదట. ఆర్ఎంపీ ఇంటి ముందు నుంచి నడిచి వచ్చా, కావాలనే, రెండుసార్లు. ఖుర్షిదా నడుముకి కూడా, ఈసారి దాని పేరుతోనే, మందు రాయించా.

ఇంకో సంగతి. మా ముఠా అందరికీ తారీఖులు రాయించేటప్పుడు వాళ్ల రిజిస్టరు నా ముందే ఉంది. అందులో నీ పేరు కనపడింది. ఒక చోట కాదు, నాలుగు చోట్ల. నాలుగింటి మీదా అడ్డగీతలే. పక్కన "నెలసరి వచ్చింది, వాయిదా" అని రాసుంది. ఇన్ని ఉత్తరాలు చదివాక ఆ చేతిరాత ఎవరిదో నాకు తెలియదా? రెండేళ్లుగా ఊళ్లో ఆడాళ్లందర్నీ ఆ బల్ల ఎక్కిస్తున్నావు, నువ్వు మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు.

నిన్ను తిట్టను తల్లీ. ఆ సిగ్గు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. వచ్చే శుక్రవారం పొద్దున పదింటికి నీకు రాయించా. నేనొచ్చి తలుపు బయట కూర్చుంటా.

మీ అత్త పుల్లమ్మ

తా.క. ఈసారి నీ పేరు మీద గీత పెట్టాలంటే పక్కన నా సంతకం ఉండాలని డాక్టరమ్మ చేత రిజిస్టరులో రాయించా.