ముగింపు ముందే తీశాం

అమ్మకి,

నీ పెద్దకూతురి నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం అని అలవాటుగా రాయబోయి కలం ఆపాను. అందరం క్షేమంగా లేము. మాలో ఒకరు తగ్గారు. నేను మాత్రం బాగానే ఉన్నాను. వేళకి తింటున్నాను, చెప్పులు తెగితే కొత్తవి కొనుక్కున్నాను. నువ్వూ, తమ్ముడూ, వాడి పిల్లలూ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. మోకాలు నొప్పి అని రాశావు గానీ, క్లచ్ తొక్కే కాలో, రెండోదో రాయలేదు.

ఫోన్ చేస్తే పోయేదానికి ఇంత ఉత్తరం ఎందుకంటావని తెలుసు. ఫోన్‌లో నేను చెప్పేది నీకు తప్ప మీ వీధి మొత్తానికి వినపడుతుంది. ఇందులో వీధికి వినపడకూడని మాట ఒకటి ఉంది. కుట్టుకొట్టు తలుపు దగ్గరగా వేసుకుని, ఒక్కదానివే కూర్చుని చదువు. నీ డ్రైవింగ్ మాస్టారు ఉంటే ఆయన వెళ్లేదాకా ఆగు.

ముందు నీ ప్రశ్నలు. "ఎం.ఏ. చదివి, కాలేజీలో పాఠాలు చెప్పినదానివి, సినిమావాళ్ల వెంట ఊళ్లు పట్టుకు తిరగడమేమిటి, అసలు నీ పనేమిటి" అని మళ్లీ అడిగావు. మళ్లీ చెప్తున్నాను. దీన్ని కంటిన్యూటీ అంటారు. సినిమాని వరసగా తీయరమ్మా. తలుపు తోసే ముక్క ఇవాళ తీస్తే, లోపలికి అడుగుపెట్టే ముక్క ఎప్పుడో ఇంకో ఊళ్లో తీస్తారు. అప్పుడు కప్పు ఏ చేతిలో ఉందో, చొక్కా పై గుండీ పెట్టి ఉందో లేదో, చెమట ఎంతవరకు పట్టిందో నేను చెప్పాలి. అందరి బదులూ గుర్తుపెట్టుకునే ఉద్యోగం అనుకో.

కథ కూడా అడిగావు. నవ్వుల సినిమానే. ఒక పెద్దావిడకి తన పాత సోఫా అంటే ప్రాణం. దాన్ని ఎక్కడో దూరంగా సముద్రం ఒడ్డున కొనుక్కున్న ఇంటికి చేర్చాలి. సామాన్ల లారీవాళ్లందరూ ఆవిడ నోటిని తట్టుకోలేక పారిపోతే, చివరికి ఐస్‌క్రీం బండి నడిపే ముసలాయన ఒకడు దొరుకుతాడు. బండి నెత్తిన సోఫా కట్టుకుని బయల్దేరతారు. బండి చెడిపోయినచోటల్లా సోఫా దింపి, రోడ్డు పక్కన వేసుకుని కూర్చుని పోట్లాడుకుంటారు. పోట్లాడుకుంటూనే ఒకరికొకరు అలవాటవుతారు. ఏ వయసులోనైనా మనిషికి మనిషి దొరుకుతాడని చెప్పే కథ. "ఇదేదో నా కథలా ఉందే" అని రాశావు నువ్వు. అందుకే ఇన్నాళ్లూ దీని ఊసు తక్కువగా రాశాను.

పోయింది మా హీరోగారు. డెబ్బై దాటిన మనిషిని మేమందరం అలాగే పిలిచేవాళ్లం. ఆయనకి జన్మలో మొదటిసారి దొరికిన హీరో వేషం ఇది. అంతకు ముందంతా వాచ్‌మన్లూ, జడ్జీలూ, మొదటి సీన్లోనే చచ్చిపోయే తాతలూ. "ఈసారి చివరిదాకా బతికే వేషం ఇచ్చారమ్మా" అని నాతో నవ్వేవారు. ఒక మధ్యాహ్నం, షాట్‌కీ షాట్‌కీ మధ్య, రోడ్డు పక్కన వేసిన ఆ సోఫాలోనే తల వాల్చారు. నిద్రపోతున్నారనుకున్నాం. చప్పుడు చేయొద్దని అసిస్టెంట్లు ఒకరినొకరు గదమాయించుకున్నారు. "లేపకండి, తర్వాతి షాట్ పెద్దది" అన్నాడు డైరెక్టరు. నేను ఆయన మెడ వాలిన తీరు చూసి, కాలరు నలుగుతోంది, లేవగానే ఇస్త్రీ పెట్టించాలి అని రాసుకున్నాను. అమ్మా, అప్పటికే ఆయన లేరు. దగ్గరగా నిలబడి, కళ్లార్పకుండా చూసి, నేను రాసుకున్నది కాలరు గురించి.

సినిమా ఆపేస్తారనుకున్నాను. ఆపలేదు. సముద్రం ఒడ్డున తీయడానికి అనుమతి మొదట్లోనే దొరికిందని, చివరి సీను అన్నిటికన్నా ముందు అక్కడే తీసేశాం. వాళ్లిద్దరూ సోఫాలో కూర్చుని, అలలు చూస్తూ, ఒకరి చేయి ఒకరు పట్టుకునే సీను. అంటే చేతిలో ముగింపు ఉంది. ఒకరినొకరు ఇష్టపడే ముక్కలే లేవు. డైరెక్టరు తలపట్టుకుని కూర్చుని, లేచి, "మధ్యలోది వీపుతో లాగించేద్దాం" అన్నాడు.

వీపు కోసం ఒక గుమాస్తాని తెచ్చారు. వెనక నుంచి చూస్తే అచ్చం హీరోగారే. ముందు నుంచి చూస్తే ఎవరో దారిన పోయే మనిషి. ఆయనకి హీరోగారి నడక నేర్పే పని నాది. ఎడమ భుజం కాస్త దించి, ఒక చేత్తో చొక్కా పట్టుకున్నట్టుగా నాలుగు అడుగులు వేసి చూపించాను. గుమాస్తా ఒకసారి నడిచి ఆగిపోయాడు.

"ఇలా వంగి నడిస్తే ఛాతీ పట్టేస్తోందమ్మా. రోజంతా ఎలా నడిచేవారాయన?"

దాన్ని నేను ఆయన నడక అనుకున్నాను. స్టైల్ అనుకుని మెచ్చుకున్నాను కూడా.

జవాబు మేకప్ గదిలో దొరికింది. హీరోయిన్‌గారు అద్దం ముందు కూర్చుని ఉన్నారు. ఆవిడకి నీ వయసే. జడ సరిగ్గా ఏ భుజం మీద ఉండాలో చెప్పడానికి నేను పక్కన నిలబడ్డాను. పౌడరు అద్దుతూ అద్దుతూ మేకప్‌మన్ ఏడుపు ఆపుకోలేకపోయాడు.

"ఏడిస్తే పౌడరు ముద్దవుతుందిరా. ఏమైంది?" అన్నారావిడ.

"హీరోగారి గుండె సంగతి నాకు తెలుసమ్మా. మొదటిరోజే చెప్పారు."

"నీకు చెప్పి నాకు చెప్పలేదా?"

"మీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు. తెలిస్తే మీరు ఆయన పక్కన నవ్వలేరని."

"నేను నవ్వలేనా? మా ఆయన్ని ఆస్పత్రిలో పడుకోబెట్టి కామెడీ వేషాలు వేసి వచ్చినదాన్నిరా నేను!"

"మీ మంచికేనమ్మా..."

"నా మంచి చూడ్డానికి మీరిద్దరూ ఎవర్రా? తెలిస్తే ఈ సినిమా ఒప్పుకునేదాన్ని కాదేమో. ఒప్పుకునేదాన్నేమో. అది నేను తేల్చుకోవాల్సింది. ఆయాసపడుతుంటే అందరి ముందూ 'తిండి తగ్గించవయ్యా మహానుభావా' అని ఎగతాళి చేశాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వుని ఇప్పుడు నేనెక్కడ పెట్టుకోను?"

తర్వాత ఆవిడే జడ ముందుకి వేసుకుని, "ఈ భుజమేనా?" అని నన్ను అడిగి, వెళ్లి ఆ గుమాస్తా పక్కన కూర్చుని, లేని మొహం వైపు చూసి సిగ్గుపడ్డారు. షాట్ ఓకే అయింది. చూసేవాళ్లందరూ నవ్వారు. నేను గదిలోకి వచ్చి చాలాసేపు మంచం మీద కూర్చున్నాను. ఆవిడ మేకప్‌మన్‌ని తిట్టిన ప్రతి తిట్టూ నాకే తగిలింది. ఎందుకు తగిలిందో చెప్పడానికే ఈ ఉత్తరం.

అరవై ఏడేళ్లకి స్టీరింగ్ పట్టుకోవడానికి వెళ్లి, నేర్పే మాస్టారినే పట్టుకొచ్చావని తమ్ముడు దెప్పినప్పుడు, నేను నీ వైపే మాట్లాడాను. ఇప్పటికీ నీ వైపే. కిందటి ఉత్తరంలో అడిగావు: "కొట్టు అప్పగించి, మిషన్లు అమ్మేసి, మాస్టారి వ్యానులో ఆయనతో బయల్దేరదామనుకుంటున్నాను. ఊళ్లు తిరిగి నచ్చినచోట ఆగిపోతాం. మీ నాన్న ఉంటే ఏమనేవారో. నువ్వు చదువుకున్నదానివి, వెళ్లనా వద్దా ఒక్క మాట రాయి." నాన్న ఉంటే ఈ ప్రశ్నే ఉండదు కదమ్మా. ఇక నేనంటావా, చదువుకున్నందుకే ఒక్క మాటలో రాయడం చేతకాని దాన్ని. అందులోనూ, ఈ ప్రశ్న నువ్వు అడగక ముందే నాకు ఒక సంగతి తెలుసు.

మాస్టారికి మతిమరుపు జబ్బు మొదలైందట. వయసు మీద పడితే అందరికీ వచ్చే మరపు కాదు. ఇది పెరిగేదే గాని తగ్గేది కాదని డాక్టరు చెప్పాడట. ఆయనే నాకు ఫోన్ చేసి చెప్పారు. "అమ్మాయ్, ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మకి సమయం చూసి నేనే చెప్తాను. నువ్వు నోరు జారకు. మాటివ్వు" అన్నారు. ఇచ్చాను. మర్యాదస్తుడు, తనే చెప్పుకోవాలనుకున్నాడు, మధ్యలో నేనెవర్ని అనుకున్నాను.

కొన్నాళ్లకి మళ్లీ ఫోన్ చేశారు. "అమ్మాయ్, ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు" అని మొదలుపెట్టారు. గుర్తుచేస్తున్నారేమో అనుకున్నాను. కాదు. మొదటిసారి చెప్తున్నట్టే, గొంతు తడబడినచోటే తడబడుతూ, మొత్తం చెప్పారు. మళ్లీ మాటిమ్మన్నారు. మళ్లీ ఇచ్చాను. హీరోగారు పోయిన తర్వాత మూడోసారి చేశారు. అప్పుడిక ఉండబట్టలేక, "మీరిది నాకు ఇదివరకే చెప్పారు మాస్టారూ" అన్నాను.

"ఎప్పుడు?"

"రెండుసార్లు చెప్పారు."

మాస్టారు ఆశగా, పిల్లాడిలా అడిగారు: "అయితే మీ అమ్మక్కూడా చెప్పేశానేమో అమ్మాయ్. చెప్పానా?"

అమ్మా, అక్కడ నాకు అర్థమైంది. ఆయన అబద్ధమాడటం లేదు. రేపో ఎల్లుండో చెప్పేశాననే అనుకుంటారు. నువ్వు తెలిసే వచ్చావనుకుని వ్యాను నడుపుతారు. ఆయన చెప్తారులే అని నేనిచ్చిన మాట పట్టుకుని కూర్చుంటే, నీకు ఎవరూ చెప్పరు.

నీ పాత ఉత్తరాలు తీసి మళ్లీ చదివాను. టీలో చక్కెర ఎంత వేయాలో రోజూ కొత్తగా అడుగుతారని, ఇంత మర్యాద ఎవరిదగ్గరా చూడలేదని మురిసిపోతూ రాశావు. తెలిసిన సందులోనే రెండుసార్లు కుడికి తిప్పించి నవ్వించారని రాశావు. పాఠం నేర్చుకునేటప్పుడు బండి గోడకి గుద్దింది, తప్పు నాదేనని రాశావు. నేర్పే బండిలో మాస్టారి కాలి దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుందిగా అమ్మా. నువ్వు తొక్కకపోయినా ఆయన తొక్కాలిగా. ఎందుకు తొక్కలేదో అడిగావా? అడిగి, తెలుసుకుని, తప్పు నీ మీద వేసుకున్నావా? ఈ అనుమానం నన్ను నమిలేస్తోంది. నీకు ముందే తెలుసేమో. తెలిసే, భయపడి, "వెళ్లనా వద్దా" అని నన్ను అడిగావేమో. అయితే నేనూ నువ్వూ ఒకరి దగ్గర ఒకరం ఒకే సంగతి దాచుకుని ఉత్తరాలు రాసుకుంటున్నాం. తెలియకపోతే, ఈ ఉత్తరంతో తెలిసింది. ఏది నయమో నాకు తేలడం లేదు.

నా జవాబు అడిగావు గనక చెప్తున్నాను. వద్దు. పూర్తిగా నీ కూతురిగా, స్వార్థంగా అంటున్నాను. నాన్న మంచం పట్టినప్పుడు నువ్వు ఎంత చిక్కిపోయావో చూశాను. మళ్లీ చూడలేను. కొట్టు అప్పగించకు. మిషన్లు అమ్మకు. వ్యాను ఎక్కకు.

ఇక్కడితో ముగించి ఉత్తరం మడిచేస్తే నా మాటే నెగ్గేది. కానీ నీకు సగం చెప్పి సగం దాచడం ఇక నావల్ల కాదు. ఇవాళ పొద్దున మాస్టారికి నేనే ఫోన్ చేశాను. మీ జబ్బు సంగతి అమ్మకి రాస్తున్నాను, మీకిచ్చిన మాట తప్పుతున్నాను అన్నాను.

"నీకెవరు చెప్పారు?" అన్నారు.

"మీరే."

"అయితే నిజమే అయ్యుంటుంది" అని నవ్వారు. నవ్వు ఆగాక, "రాయి అమ్మాయ్. నేను చెప్పేవరకు ఆగితే ఆవిడ ముసలిదైపోతుంది" అన్నారు. నాకు నవ్వు రాలేదు. ఫోన్ పెట్టేయబోతుంటే ఆపి, ఒక మాట నీకు చేర్చమన్నారు. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను:

"రానంటే తప్పు పట్టను. కానీ రానని నాతో నోటితో చెప్పి ఊరుకోవద్దని చెప్పు. కాగితం మీద పెద్దక్షరాలతో రాసి మా తలుపు లోపలివైపు అంటించి పొమ్మను. లేకపోతే మర్చిపోయి రోజూ వ్యాను తుడుచుకుని ఆవిడ కోసం కూర్చుంటాను."

ఇట్లు,
నువ్వు ఏది రాసినా కాదనే ధైర్యం లేని
నీ పెద్దకూతురు