తిరగేసిన మూత

మామయ్యగారికి,

శనివారం మీరు మీ పాత పడవ దాకా వచ్చి, లోపలికి ఒక్కసారి తొంగిచూసి, కాఫీ కూడా ముట్టకుండా వెళ్లిపోయారు. పడవ అడుగున మీరు పట్టిన చేపలు నింపే గదిని మేం పడకగదిగా మార్చినందుకు కోపమొచ్చిందనుకున్నాను. మీ అబ్బాయి ఐవిన్ తల పట్టుకున్నాడు.

"గది కాదే! ఆ గది మూతని తిరగేసి భోజనాల బల్ల చేశావు. మూత బోర్లా పడితే పడవా బోర్లా పడుతుందంటారు మా లోఫోటెన్ దీవుల జాలర్లు!"

"మరి ముందే చెప్పొచ్చుగా?"

"నేనప్పుడు ఇంజిన్ కింద దూరి ఉన్నా!"

నేను ఆవుల మధ్య పెరిగినదాన్ని మామయ్యగారూ, నాకేం తెలుసు? అడుగు వైపు నున్నగా ఉందని అటు తిప్పాను, అంతే. ఇప్పుడు సరిగ్గానే బిగించాం. కాకపోతే మూత ఎత్తడానికి పెట్టిన మీ ఇనప కడియం నడుమ లేచి ఉండటంతో ఏ గిన్నె పెట్టినా ఒరుగుతోంది. నిన్న చేపల పులుసంతా ఐవిన్ ఒళ్లో పడింది. "పడవ బదులు పులుసు తిరగబడింది, గండం గడిచింది" అన్నాడు.

పడకగదిలో కాడ్ చేపల వాసన మాత్రం పోవడం లేదు. వెనిగర్‌తో కడిగాను, సబ్బుతో తోమాను. మళ్లీ బ్రష్ తీస్తే మీ అబ్బాయి చెయ్యి పట్టుకున్నాడు. "ఇక వదిలెయ్. చిన్నప్పుడు ఈ వాసన గుమ్మంలోకి వస్తేనే నాన్న క్షేమంగా తిరిగొచ్చాడని మాకు తెలిసేది."

బ్రష్ పక్కన పడేశాను.

వచ్చే ఆదివారం మా మొదటి ప్రయాణం. చుక్కాని దగ్గర మీ పాత స్టూలు అలాగే ఉంది. మీరొచ్చి దాని మీద కూర్చునేదాకా తాళ్లు విప్పం. కాఫీ మాత్రం చేత్తో పట్టుకునే తాగాలి, బల్ల మీద నిలవదు.

మీ కోడలు