జరీకి ఏ ట్రైనింగు, నాయనా?

నాయనా,

ఎట్లున్నావు? నువ్వు పోయి ఏడు నెలలు దాటింది. అమ్మ మోకాళ్లు అట్లే ఉన్నాయి, గార్మెంట్స్ ఫ్యాక్టరీలో నా చెకింగ్ పనీ అట్లే ఉంది. ఇది రాస్తున్నది మా గురించి కాదులే. నీ కుక్క జరీ గురించి. నువ్వుంటే ఒక్క మాటలో తేల్చేసేవాడివి... లేవు కాబట్టి ఇంత రాయాల్సి వస్తోంది.

ధర్మవరంలో మగ్గం విప్పేశాం. నువ్వు కాళ్లు దించుకుని కూర్చునే గుంట పూడ్చి, నేల చదును చేయించి, ఇల్లు బాడుగకిచ్చాం. అమ్మనూ జరీనీ హిందూపురంలో నేనుండే ఇంటికి తెచ్చుకున్నాను.

అమ్మ సర్దుకుంది. జరీ సర్దుకోలేదు. నేనెప్పుడొచ్చినా మగ్గం పక్కన పడి నిద్రపోయే కుక్క, ఇక్కడ పగలంతా కునుకు తీయదు. తలుపు దగ్గరికి పోతుంది, తిరిగొచ్చి ఇంట్లోకి చూస్తుంది, మళ్లీ తలుపు దగ్గరికే. గీకుతుంది, అరుస్తుంది. ఎవరైనా వస్తే మీదికి దూకుతుంది. పాలాయన ప్యాంటు చింపింది. పైనుండే ఓనరమ్మ మంచి మనిషే గానీ, దసరా లోపల కుక్కను దారిలో పెట్టుకోండి, లేదంటే ఎవరికైనా ఇచ్చేయండి అని చెప్పేసింది. జరీ పోతే తానూ పోతానంటుంది అమ్మ. ఎక్కడికి పోతుంది? అడిగితే చెప్పదు.

నీ మీద బెంగ అన్నాం అందరం. అమ్మ పెనుకొండ దర్గాలో తాయెత్తు కూడా కట్టించింది. జరీ మెడలో తాయెత్తు... నువ్వు చూడాల్సింది.

ట్రైనింగు ఇప్పిద్దామనుకున్నాను. అందులో ఇన్ని రకాలుంటాయని ఎవరికి తెలుసు? నీకు చెబితే నవ్వేవాడివి. "దానికి నేర్పేదేముండాది పాపా, అది మనల్ని చూసి నేర్చుకుంటాది" అనేవాడివి. మమ్మల్ని చూసి ఏం నేర్చుకుందో మరి?

మొదట ఫోనులో వీడియోలు చూశాను. కూర్చోమని చెప్పాలి, కూర్చుంటే బిస్కెట్టు ఇవ్వాలి. జరీ కూర్చుంది, బిస్కెట్టు తినింది, లేచి తలుపు దగ్గరికి పోయింది. వీడియోలో మనిషి ఇంగ్లీషులో పిలుస్తుంటే ఫోను వెనకాలకు పోయి వెతికింది. అమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది.

తర్వాత బెంగుళూరు రోడ్డులో ఒక కుక్కల హాస్టలు ఉందంటే పోయాను. నెలో, రెండు నెలలో వదిలిపెట్టి పోవాలట. కాపలాకా, షోకా అని అడిగాడు ఆయన. పగలు నిద్రపోతే చాలు అన్నాను. నన్ను ఎగాదిగా చూశాడు. అక్కడ కుక్కలన్నీ గీత గీసినట్టు కూర్చున్నాయి, కానీ ఒక్కదాని తోకా కదల్లేదు. మాట వినకపోతే ఏం చేస్తారని అడిగాను. లోపలివైపు ముళ్లున్న గొలుసు చూపించాడు. మధ్యలో వచ్చి చూసిపోవచ్చా అంటే, ఇంటివాళ్లు రాకూడదన్నాడు. జరీని ఆటోలోంచి దించకుండానే తెచ్చేసుకున్నాను. మొండి కుక్కలకు ఆ పద్ధతే సరైనదేమో, నాకేం తెలుసు? కానీ మనది మొండిదా? అదే కదా ఇంకా తేలలేదు.

ఫ్యాక్టరీలో నా పక్క టేబుల్ పిల్ల చెబితే జరీని తీసుకుని పెనుకొండ పోయాను. కొండ కింద ఒక బడి మైదానంలో ఆదివారం పూట నస్రీన్ అనే అమ్మాయి కుక్కలకు క్లాసు చెబుతుంది. మనుషులూ కుక్కలూ కలిసి నేర్చుకోవాలి. అది నాకు నచ్చింది. ఫీజు కట్టబోతే నస్రీన్ తీసుకోలేదు, నాయనా! ముందు జరీని దూరం నుంచి చాలాసేపు చూసింది. తాయెత్తు చూసి నవ్వింది, విప్పమని మాత్రం అనలేదు.

తర్వాత అన్నీ ప్రశ్నలే. పగలు నిద్రపోదు సరే, ముందు ఎక్కడ నిద్రపోయేది? ఎప్పుడు లేచేది? లేచాక ఏం చేసేది? నీ కుక్క గురించి నాకు ఇంత తక్కువ తెలుసా అనిపించింది. వచ్చినప్పుడల్లా దాని తల నిమిరి, నీతో మాట్లాడి పోయేదాన్ని... అంతే కదా.

పది కుక్కల మధ్య క్లాసు దీనికి ఇప్పుడే పనికిరాదని చెప్పింది నస్రీన్. ఎందుకు పడుకోవడం లేదో తెలియకుండా కూర్చో, నిలబడు అని నేర్పి లాభం లేదంది. ఒకసారి పాత చోటికి తీసుకుపోయి, ఏమీ చెప్పకుండా కూర్చుని చూడమంది.

కారు మాట్లాడుకుని ధర్మవరం పోయాం, అమ్మ, నేను, జరీ. మనింట్లో మగ్గం చోట ఇప్పుడు బాడుగవాళ్ల రెండు బైకులున్నాయి. జరీ ఆ నేలంతా వాసన చూసింది. అమ్మ లోపలికి రాలేదు.

పక్కింట్లో ఓబులేసు మామ నేస్తున్నాడు. జరీ నన్ను లాక్కుంటూ అక్కడికి పోయింది. మామ కూర్చున్న గుంట పక్కన పడుకుంది, గట్టు మీద గడ్డం ఆనించింది. పోగుల మధ్య నాడె అటూ ఇటూ పోతోంది, మగ్గం టకటకమంటోంది... జరీ నిద్రపోయింది. ఏడు నెలల్లో పగటిపూట దాన్ని అట్లా చూడలేదు. గురక కూడా పెట్టింది!

నేను కదల్లేదు. నస్రీన్ చెప్పినట్టు చూస్తూ కూర్చున్నాను.

కాసేపటికి తెగిన పోగు ముడివేయడానికి మామ మగ్గం ఆపాడు. ఆ వెంటనే జరీ కళ్లు తెరిచింది. లేచి తలుపు దగ్గరికి పోయింది, తిరిగొచ్చి గుంట వైపు చూసింది. మళ్లీ తలుపు. మళ్లీ గుంట. మా ఇంట్లో రోజంతా చేసేది ఇదే కదా అనుకున్నాను. మామ మళ్లీ నేత మొదలుపెట్టాడు, జరీ మళ్లీ పడుకుంది.

మామను అడిగాను. మగ్గం ఆపితే నువ్వు గుంటలోంచి లేచి, జరీని తీసుకుని మూల మీద టీ అంగడికి పోయేవాడివట. నీకు టీ, దానికి బన్ను. "లెయ్‌ప్పా, పోయొస్తాం" అనేవాడివట దానితో. మామ నీ గొంతు అచ్చంగా అట్లే తెచ్చాడు. జరీ చెవులు నిక్కబొడుచుకుంది. వాకిట్లో కూర్చున్న అమ్మ కూడా తలెత్తింది.

అప్పుడు అర్థమైంది, నాయనా. మగ్గం మోగుతుంటే పడుకోవాలి, మగ్గం ఆగితే నువ్వు లేస్తావు. జరీకి తెలిసిన చదువంతా అదే. మా ఇంట్లో మగ్గమే లేదు. దాని లెక్కలో మగ్గం ఎప్పుడో ఆగిపోయింది... నువ్వు ఇంకా లేవలేదు. ఇన్ని నెలలుగా అది నీ కోసం నిలబడే ఉంది. కారులో వస్తూ దారంతా ఏడ్చాను. అమ్మ ఏడవలేదు, జరీ తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఇది నువ్వు నేర్పావా? అదే నేర్చుకుందా? నీకైనా తెలుసా?

నస్రీన్‌కు చెబితే, ఇక క్లాసు వద్దు, నేనే మీ ఇంటికి వస్తానంది. ఆమె చెప్పినట్టే మళ్లీ పోయి, ఓబులేసు మామ మగ్గం చప్పుడు ఫోనులో రికార్డు చేసి తెచ్చుకున్నాం. జరీకి ఒక చాప వేసి ఆ చప్పుడు పెట్టాలి. రోజురోజుకూ కొంచెం కొంచెం తగ్గించాలి, చప్పుడు లేకపోయినా పడుకోవచ్చని దానికి తెలిసేవరకు. ఎవరైనా తలుపు కొడితే చాప మీదికి పోవడం ఆ తర్వాత నేర్పుతుందట. ఎన్నాళ్లు పడుతుందంటే జరీని అడగమంది.

మొదటిరోజు మధ్యాహ్నం పెట్టాను. జరీ చాప మీద పడి నిద్రపోయింది. వంటింట్లోంచి అమ్మ అలికిడి లేదేమని చూస్తే, గోడకు ఆనుకుని అమ్మ కూడా నిద్రపోతోంది. ఓనరమ్మ కిందికి వచ్చి, ఇంట్లో మగ్గం పెట్టారా ఏమని అడిగింది. గట్టిగా మాట్లాడొద్దని సైగ చేశాను. ఇద్దరినీ చూసి, మెల్లగా పైకి పోయింది. దసరా మాట మళ్లీ ఎత్తలేదు... ఎత్తుతుందో లేదో?

ఈరోజు సాయంత్రం సౌండు బాగా తగ్గించి పెట్టాను. రికార్డింగు అయిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దం. జరీ లేచింది. తలుపు వైపు చూసింది, తిరిగి ఇంట్లోకి చూసింది. అమ్మ నన్ను చూసింది.

ఏం చేయాలో నస్రీన్ చెప్పలేదు. నేనే లేచాను. "లెయ్‌ప్పా, పోయొస్తాం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. జరీ నా ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత తోక ఊపుతూ నా వెంట వచ్చింది.

ఇక్కడ కూడా మూల మీద టీ అంగడి ఉంది, నాయనా. బన్ను మన ఊరిదంత మెత్తగా లేదు. అయినా తినింది.

నువ్వు దిగులు పడొద్దు. ఇకమీద మగ్గం ఆగినప్పుడల్లా నేను లేస్తాను.

నీ బిడ్డ,
పద్మ