కుర్చీ మీద కుళ్లు

చెల్లెమ్మా,

నువ్వు పంపిన కుర్చీ చేరింది. నీ మేనకోడలు మీట నొక్కగానే సీటు మెల్లగా పైకి లేచి, పిల్లని నిలబెట్టేస్తోంది. నా ఆనందం పట్టతరం కావడం లేదమ్మా! వీధి వీధంతా పిలిచి చూపించాను.

నీ దగ్గర దాపరికమెందుకు, ఆ కుర్చీని చూస్తే నాకు ఒళ్లు మండిపోతోంది. చిన్నప్పటి నుంచీ, తనంతట తాను లేవలేని పిల్లని లేపింది నేను. నా మెడ చుట్టూ చేతులేసి, భుజం మీద తల వాల్చేది. "హైలెస్సా" అని లేపేవాణ్ణి. ఇప్పుడు కుర్చీ గుర్రుమంటే చాలు, వంటింట్లోంచి "హైలెస్సా" అనేస్తున్నాను.

"కుర్చీకి వినబడిందిలే నాన్నా!" అని నవ్వుతుంది.

నిన్న కరెంటు పోయింది. సంబరంగా పరిగెత్తుకెళ్లి చేతులు చాపాను.

"దీనికి బ్యాటరీ ఉంది నాన్నా," అంటూ మీట నొక్కి లేచి నిలబడింది.

నా మొహం మాడిపోయింది. చేతులు దించుకోబోతుంటే, "ఉంచు, ఉంచు. ఎందుకు దించుతావ్?" అని తనే వాటేసుకుంది.

ఎప్పుడూ నా భుజం మీద తల వాల్చే పిల్ల తిన్నగా నిలబడితే, నా తలే దాని భుజానికొచ్చింది. ఎంత పొడుగైపోయిందో చెల్లెమ్మా! అదీ ఆ కుర్చీకే ముందు తెలిసింది.

కుళ్లుకుంటూ, పొంగిపోతూ,
మీ అన్నయ్య