ఉచ్చీరప్ప చదివింపు

పెద్దకడుబూరు,
12-2-1981.

వజ్రకాయ ప్లాస్టిక్ వర్క్స్, హైదరాబాదు, ఫిర్యాదులు చూసే అయ్యవారికి,

పెద్దకడుబూరు రైతు ఉచ్చీరప్ప నమస్కారం చేసి రాసుకునేది. ఈడ మేమంతా క్షేమం, మీ బక్కెట్టు తప్ప.

మాధవరంలో మా అక్క హులిగమ్మ పోయిన నెల కొత్తింట్లో చేరింది. చదివింపుకు ఇత్తడి బిందె కొందామని ఆదోని బజారుకు పోయినాను. అంగడాయన, "ఇప్పుడు ఇత్తడి ఎవరు మోస్తారప్పా? ఈ వజ్రకాయ బక్కెట్టు తీసుకో. ఐదేండ్లు గ్యారంటీ. మీద బండి పోయినా పగలదు" అన్నాడు. తీసుకున్నాను. పందిట్లో మైకు పెట్టి, "పెద్దకడుబూరు ఉచ్చీరప్ప గారు అక్కగారికి చదివించినది ఒక ప్లాస్టిక్ బక్కెట్టు" అని చదివితే అందరూ తలలు తిప్పి చూసినారు. మాధవరంలో అదే మొదటిది.

దాని మీద బండి పోలేదు. మా అక్క బోరింగు కాడ నీళ్లు పట్టింది, అంతే. నెల తిరగకముందే పిడి ఊడింది. మరుసటి రోజు అడుగు చీలింది.

ఉగాది అయినాక అక్క మనవరాలిని తొట్టిలో వేసే ఉయ్యాల పండగ ఉంది. "ఒరేయ్ ఉచ్చీరా, అదే మైకులో, అదే జనం ముందర నీ బక్కెట్టు నీకే తిరిగి చదివిస్తా. ఆ తర్వాత నా గడప తొక్కొద్దు" అని కబురు పంపింది. మా అక్క చెప్పిందంటే చేస్తుంది. నాకు ఉండేది ఒక్క అక్క. పండగ లోపల గట్టి బక్కెట్టు ఒకటి పంపించవలెను. పగిలినదాన్ని ఆదోని స్టేషన్లో పార్సిల్ వేసినాను.

ఇట్లు,
ఉచ్చీరప్ప.

తా.క.: పార్సిల్లో పిడి పెట్టలేదు. దానికి అక్క లాంతరు తగిలించుకుంది. మీరు చేసినదాంట్లో అదొక్కటే గట్టిగా ఉంది.


హైదరాబాదు,
23-2-1981.

శ్రీ ఉచ్చీరప్ప గారికి,

నమస్కారములు. మీ ఉత్తరము, మీ బకెట్ రెండును చేరినవి. పరిశీలించితిమి. పిడి లేదు. అడుగు చీలి ఉన్నది. ఇంతవరకు మీరు వ్రాసినది నిజమే.

మీరు వ్రాయని సంగతి ఒకటి ఉన్నది. బకెట్ నడుము చుట్టూ వరుసగా చిల్లులు ఉన్నవి. రైలులో ఎలుకలు కొరికినవని మొదట అనుకొంటిమి. మా స్టోరు కీపరు వెలుతురుకు ఎత్తి పట్టి చూడగా అవి అక్షరములని తేలినది. "అక్కకు తమ్ముడు ఉచ్చీరప్ప చదివింపు" అని ఉన్నది. ఎలుకలు ఇట్లు వ్రాయవు.

కంపెనీ నిబంధనల ప్రకారము చిల్లులు పొడిచిన బకెట్‌కు గ్యారంటీ లేదు. ఆ చిల్లులు చదువుటకు వీలుగా ఉన్నను నిబంధన మారదు.

ఇట్లు,
బి. ఏసన్న,
గుమాస్తా, ఫిర్యాదుల విభాగము.

తా.క.: అడుగు బాగున్నచో ఈ బకెట్‌లో అక్షరముల కింది వరకు, అనగా సగము, నీరు నిలిచెడిది. కావున మీ ఫిర్యాదును సగము మాత్రమే తిరస్కరించవలెనని మా మేనేజరు గారి అభిప్రాయము. మిగతా సగము పరిశీలనలో ఉన్నది.


పెద్దకడుబూరు,
2-3-1981.

ఏసన్న గారికి,

ఉచ్చీరప్ప నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. క్షేమం సంగతి అట్లే ఉంది.

పొడిచింది ఎలుకలు కాదు, బడే సాబ్. ఆదోనిలో పాత్రల మీద పేర్లు కొట్టేది ఆయనే. పేరు లేని చదివింపు యాడైనా ఉందా? పందిట్లో చాప మీద అన్ని పాత్రలు పేరుస్తారు. పేరు లేకుంటే ఏది ఎవరు ఇచ్చినారని తెలిసేది? మా ఇంట్లో చెంబు మీద మా నాయన మేనమామ పేరుంది. ఆయన ఎప్పుడో పోయినాడు. చెంబు పోలేదు. అందుకే ఆయన పేరు ఇంకా అంటాండాము.

బడే సాబ్ ముందు ఉలి పెట్టినాడు. జారింది. సుత్తితో కొట్టినాడు. బక్కెట్టు ఎగిరి పక్కన గాజుల అంగట్లో పడింది. అప్పుడు సూది ఎర్రగా కాల్చి పొడిచినాడు. "చిల్లులు పడతాండాయి కదా భాయ్" అన్నాను. "అక్షరం చూడప్పా, చిల్లు ఎందుకు చూస్తావు?" అన్నాడు. కూలి మాత్రం ఇత్తడి కూలే తీసుకున్నాడు.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. పిడి ఊడింది పేరు వల్లనా? అడుగు చీలింది పేరు వల్లనా? పేరు ఉండేది నడుము మీద. నడుము బాగానే ఉంది.

పండగ దగ్గరికి వస్తాంది. మా అక్క అప్పుడే మైకు ఆయనకు బయానా ఇచ్చింది.

ఇట్లు,
ఉచ్చీరప్ప.

తా.క.: మీ ఉత్తరం బడే సాబ్‌కు వినిపించినాను. ఎలుక అన్నందుకు కోపం రాలేదు. హైదరాబాదోళ్లు తన చేతిరాత తప్పు లేకుండా చదివినారని అందరికీ చెప్పుకుంటాండాడు.


హైదరాబాదు,
11-3-1981.

శ్రీ ఉచ్చీరప్ప గారికి,

నమస్కారములు. మీ అక్కగారి విషయము మేనేజరు గారికి విన్నవించితిని. వారికి కూడ అక్కగారు ఉన్నారు. వెంటనే కొత్త బకెట్ మంజూరు చేసినారు. పార్సిల్‌లో పంపుచున్నాము. దీనిపై సూది, ఉలి, మేకు, ఏదియు ప్రయోగించరాదు.

ఇట్లు,
బి. ఏసన్న.

తా.క.: ఇది కంపెనీ మాట కాదు, నా మాట. మాది తుగ్గలి. మా అమ్మ చెంబు మీద "మాదన్న" అని ఉంటుంది. ఆ మాదన్న ఎవరో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అయినా ఆ చెంబుతో నీళ్లు తాగినప్పుడల్లా "ఆయన చల్లగుండాల" అంటుంది మా అమ్మ.


పెద్దకడుబూరు,
22-3-1981.

ఏసన్నా,

మనది ఒకే దిక్కని ముందే చెప్పి ఉంటే "గారు" రాసే తిప్పలు తప్పేది కదప్పా. క్షేమమే అనుకుంటాను.

కొత్త బక్కెట్టు తీసుకుని మాధవరం పోయినాను. అక్క దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"పేరేదిరా?"

"కంపెనీ వద్దనిందక్కా."

"చదివించేది నువ్వా, కంపెనీనా?"

మళ్లీ బడే సాబ్ కాడికి పోయినాను. సూది ముట్టనని ఒట్టు వేయించి రంగుతో రాయించినాను. అక్క బూడిదేసి తోమింది. "ఉచ్చీ" పోయింది, "రప్ప" మిగిలింది. ఇప్పుడు మాధవరంలో నన్ను రప్పన్నా అని పిలుస్తాండారు. తిట్టో పొగడ్తో తెలియక పలుకుతాండాను.

ఇంకొకటి చూసినాను. బక్కెట్టు అడుగున "వజ్రకాయ" అని చిన్నగా మీ పేరుంది. దానికి చిల్లులు లేవు. బూడిదేసినా పోలేదు. మీ పేరు అట్ల వేసుకున్నోళ్లు నా పేరు వేయలేరా? బడే సాబ్ కాగితం మీద పెద్దగా రాసి ఇచ్చినాడు. ఈ ఉత్తరంతో పెట్టినాను. అచ్చం ఇట్లే కావల్ల. పండగకు ఇంకా కొన్ని దినాలే ఉండాయి. ఈసారి తప్పితే నాకు అక్క లేనట్లే.

ఇట్లు,
ఉచ్చీరప్ప.

తా.క.: ఈ రెండోదాని పిడి కూడా ఊడింది. ఈసారి నెపం పేరు మీద వేయలేరు. దీనికి ఒక్క చిల్లూ లేదు.


హైదరాబాదు,
30-3-1981.

శ్రీ ఉచ్చీరప్ప గారికి,

నమస్కారములు. మీ కాగితమును అచ్చుల విభాగమునకు పంపితిని. వారు మీ పేరును అచ్చులోనే చెక్కి బకెట్ తీసినారు. అక్షరములు ఉబ్బెత్తుగా ఉన్నవి. గోటితో గీకి చూచితిమి. పోలేదు. ఆదోని బస్సులో పంపుచున్నాము.

ఇట్లు,
బి. ఏసన్న.

తా.క.: అచ్చు మేస్త్రీ "ఎన్ని తీయాల?" అని అడిగినాడు. "ఒక్కటి చాలు" అని బడే సాబ్ కాగితం వెనకవైపు రాసి ఇచ్చినాను. వాళ్లు కాగితాన్ని గోడకు అంటించుకున్నారు. ముందువైపు పైకి ఉండేటట్లు.


పెద్దకడుబూరు,
19-8-1981.

ఏసన్నా,

ముందు మంచి మాట. బక్కెట్టు పండగకు అందింది. అక్క పేరును వేలితో తడిమింది. గోటితో గీకింది. బూడిద తెప్పించి జనం ముందరే తోమింది. పోలేదు. మైకు ఆయన చేతిలోంచి మైకు గుంజుకుని, "మా తమ్ముడు ఉచ్చీరప్ప చదివించినది" అని తానే చదివింది. నా ఆకులో ఓళిగ మీద ఓళిగ వేసింది.

ఇప్పుడు రెండో మాట. పోయిన నెల ఎమ్మిగనూరు సంతకు పోయినాను. ఒక అంగడి ముందర మీ బక్కెట్లు చూరుదాకా పేర్చి ఉండినారు. ఎర్రవి, నీలివి, ఆకుపచ్చవి. అన్నిటి మీదా "అక్కకు తమ్ముడు ఉచ్చీరప్ప చదివింపు". ఇదేందప్పా అంటే, "కొత్త డిజైను. పేరు కొట్టించే కూలి మిగుల్తుందని పెండ్లిళ్లకు ఇదే తీసుకుపోతాండారు" అన్నాడు.

మాధవరంలోనే నాలుగైదు ఇండ్లకు చేరినాయి. అక్క పిలిపించి, "ఒరేయ్, తాలూకా అంతా నీ అక్కలేనా?" అనింది. నేను ఇయ్యలేదంటే, "పేరు నీదా, కాదా?" అనింది. తలుపేసుకుంది. ఇంతవరకు తీయలేదు.

అది చాలదని పిడులు ఊడుతాండాయి. ఊడినవన్నీ మా ఇంటికి తెస్తాండారు. నేను అమ్మలేదు తల్లీ అంటే వాళ్లదీ ఒకటే మాట, పేరు నీది కాదా అని. నిన్న ఆదోని నుంచి లాలాబీ అని ఒకామె బస్సుకు వచ్చింది. "నాకు తమ్ముడు లేడన్నా. నా పెండ్లిలో ఈ పేరు చూసి సంతోషపడితిని. నువ్వు కూడా ఇట్ల చేస్తివా?" అనింది. ఆమెకు మజ్జిగ ఇచ్చి, చార్జీ పెట్టి పంపినాను. మా ఇంటామె దేవమ్మ, వాకిట్లో కల్లాపి చల్లేదానికి చోటు లేదని, చల్లేదానికి పగలని బక్కెట్టూ లేదని అంటాంది.

ఎట్లన్నా ఆ అచ్చు పగలగొట్టించు. మీ బక్కెట్లు పగిలినంత సులువుగా అదీ పగులుతుంది.

ఇట్లు,
ఉచ్చీరప్ప.

తా.క.: మొహం తెలియనోళ్లు పెండ్లిపత్రికలు ఇచ్చి పోతాండారు. పాత చదివింపు ఉంది కదా, పిలవకుంటే బాగుండదని. బక్కెట్టు మాత్రం తేవద్దంటాండారు.


తుగ్గలి,
3-11-1981.

ఉచ్చీరప్పన్నకు ఏసన్న నమస్కారాలు.

ఊరి పేరు చూసి ఆశ్చర్యపోవద్దు. ఇది కంపెనీ కాగితం కాదు.

అచ్చు పగలగొట్టాలని నోటు పెట్టినాను. "అమ్ముడు పోతున్నది కదా, ఎందుకు?" అని కంపెనీ యజమాని అడిగినారు. పిడులు ఊడుతున్నాయని చెప్పినాను. "ఫిర్యాదులు చూపించు" అన్నారు. ఫైలు తీసినాను. మీ పేరు వేసిన బకెట్లు బజారుకు వచ్చిన నాటి నుంచి కంపెనీకి ఒక్క ఫిర్యాదు రాలేదు. అన్నీ మీ ఇంటికే పోతున్నాయని చెప్పినాను. "అయితే మన సరుకు బాగుపడినట్లే. ఇంక ఫిర్యాదుల విభాగం ఎందుకు?" అన్నారు. విభాగం ఎత్తేసినారు. విభాగమంటే నేనే.

పోయేటప్పుడు పూలమాల వేసి ఒక బకెట్ ఇచ్చినారు. మీ చదివింపే. కర్నూలు బస్టాండులో దిగినాను, పిడి చేతిలో ఉంది, బకెట్ బస్సులో ఉంది. కోపంతో ఫిర్యాదు రాద్దామని కాగితం తీసినాను. ఎవరికి రాయాలా? కంపెనీలో చదివేవాడు లేడు. బకెట్ తిప్పి చూసినాను. పేరు మీదే.

కావున అన్నా, ఈ ఉత్తరాన్ని నా ఫిర్యాదుగా స్వీకరించగలరు. ఇదే ఉత్తరాన్ని నా దరఖాస్తుగా కూడా స్వీకరించగలరు. జిల్లాలోని ఫిర్యాదులన్నీ మీ వాకిట్లో ఉన్నాయి. జవాబులు రాసేదానికి అనుభవం ఉన్న గుమాస్తా మీకు అవసరం. సగం తిరస్కరించడం నాకు బాగా వచ్చు.

ఇట్లు,
మీ విధేయుడు,
బి. ఏసన్న.

తా.క.: పాత రికార్డు పారేయమన్నారు. బీరువాలో మీ మొదటి బకెట్ ఉండింది, బడే సాబ్ పొడిచినది. చేతులు రాలేదు. తెచ్చుకున్నాను. అమ్మ దాంట్లో ఉల్లిగడ్డలు పోసింది. గాలి బాగా ఆడుతాందంట, ఒక్కటీ కుళ్లలేదు.


పెద్దకడుబూరు,
14-11-1981.

ఏసన్నకు ఉచ్చీరప్ప దీవెనలు.

నీ ఫిర్యాదు అందింది. నీ బక్కెట్టును వరుసలో పెడతాను. వరుస ఊరి బయటికి పోయింది.

నీ ఉత్తరం తీసుకుని మాధవరం పోయినాను. అక్క తలుపు తీయలేదు. గడప బయట నిలబడి గట్టిగా చదివినాను. నీ ఉద్యోగం పోయిన కాడికి చదివితే లోపల చప్పుడు లేదు. కర్నూలు బస్టాండు కాడికి వస్తే నవ్వినట్లు వినపడింది. తాజా కలం చదివినాను. తలుపు తెరుచుకుంది.

"అది ఇంకా ఉందా?"

"ఉందంటక్కా. తుగ్గలిలో."

"తెప్పించు. అంగట్లో దొరికేవి ఎవరన్నా కొనుక్కుంటారు. అది నాకని కూర్చుని పొడిపించింది."

"నీళ్లు నిలవవు కదక్కా."

"నీళ్లకు అమ్మ ఇచ్చిన రాగిబిందె లేదా? నేను నీళ్ల కోసం అడిగినానారా?"

అందుకని ఏసన్నా, ఉల్లిగడ్డలు మీ అమ్మకు వదిలి బక్కెట్టు తీసుకుని రా. ఉద్యోగం ఇచ్చినాను. జీతం లేదు. జొన్నరొట్టె, శెనక్కాయల ఊరిబిండి ఉంటుంది. అక్క మళ్లీ మైకు మాట్లాడింది. ఈసారి దాని మీది పేరుతో పాటు, పారేయకుండా తెచ్చినోడని నీ పేరు కూడా చదువుతారు.

ఇట్లు,
ఉచ్చీరప్ప.

తా.క.: ఆలస్యం చేయొద్దు. అక్క నాతోనే వచ్చి మా అరుగు మీద కూర్చుంది. బక్కెట్టు పట్టుకుని ఎవరొచ్చినా, "మా తమ్మున్ని తిట్టేదానికి నేనున్నా. మీరెవరు?" అంటాంది. వరుస అప్పుడే మా వీధి లోపలికి తగ్గింది. ఇట్లే పోతే, నువ్వు వచ్చేసరికి ఈ విభాగం కూడా ఎత్తేయాల్సి వస్తుంది.