సొట్ట తీసిన అంచు

శనివారం, పొద్దున్నే

మా ఇంటి పిడుగుకి,

మీ నాన్న నిండు మనసుతో దీవించి రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ ఏదో లేచి తిరుగుతూనే ఉన్నాం. నీ స్నేహితురాలి గదిలో నువ్వు వేళకి తింటున్నావనే అనుకుంటాను. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు కాబట్టి కాగితం పట్టుకున్నాను. నా రాత నీకు తెలిసిందే, కోడి కెలికినట్టుంటుంది. ఓపిగ్గా చదువు తల్లీ.

ముందు శుభవార్త. నీ లెన్సు బాగైపోయింది! బాగైపోయిందమ్మా! ఫోకస్ రింగు వెన్నలో వేలు పెట్టినట్టు తిరుగుతోంది. లేచిన దగ్గర్నుంచి పదిసార్లు తిప్పి చూసుకున్నాను. అమ్మ చూసి, ఇంక చాల్లెండి, మళ్ళీ అరగ్గొడతారు అంది.

ఆ రోజు నా స్నేహితులకి చూపించి గొప్పలు పోదామని నీకు చెప్పకుండా దాన్ని పట్టుకెళ్ళాను. మెట్ల మీద చెయ్యి జారింది. అది ఒక తప్పు. సొట్టపోయిన అంచు పట్టుకుని, ఇది లేకపోతే ఆటల ఫొటోలు ఎలా తీస్తాను నాన్నా, పత్రికవాళ్ళు ఇంకొకళ్ళని పెట్టుకుంటారు అని నువ్వు ఏడుస్తుంటే, పాత గొట్టం కోసం ఇంత రాద్ధాంతమా అన్నాను చూడు, అది అసలు తప్పు. నా వెంట రావద్దు, నేనెలా ఉన్నానో కూడా చూడొద్దు అని సంచీ సర్దుకుని వెళ్ళిపోయావు. లెన్సు మాత్రం బల్ల మీద ఉండిపోయింది. దాని పక్కన కూర్చుని ముద్ద మింగడం నా వల్ల కాలేదు.

కెమెరా మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్ళాను. ఇంత పాతదానికి ఆ ముందు రింగు ఇప్పుడెక్కడా దొరకదు పెద్దాయనా అన్నాడు. దొరక్కపోతే సొట్ట తీద్దాం, జన్మంతా గిన్నెల సొట్టలే తీశాను అన్నాను. అతను నవ్వి, గిన్నె సొట్టపోయినా కూర ఉడుకుతుంది, ఇది ఏ కాస్త వంకరపోయినా మనిషి మొహం మసకేస్తుంది అన్నాడు. నోరు దురుసే గానీ మంచివాడు. ముందు అద్దం విప్పి పక్కన పెట్టి, రింగు ఒక్కటే నా చేతిలో పెట్టాడు. అలవాటు కొద్దీ సుత్తి ఎత్తానో లేదో, చటుక్కున చెయ్యి పట్టుకున్నాడు. ఇది నీ ఇత్తడి బిందె కాదు స్వామీ, పల్చటి అల్యూమినియం, పగిలిందంటే ఇద్దరం కలిసి ఏడవాలి అన్నాడు. నాకు మొహం చెల్లలేదు. అప్పుడు అంచు వంపుకి సరిపోయేలా చెక్కముక్క చెక్కుకుని, లోపలి నుంచి ఆనించి, కొయ్య సుత్తితో తట్టాను. తట్టడం కూడా కాదమ్మా, చంటిపిల్లని జోకొట్టినట్టు. సొట్ట వెంట్రుకవాసి చొప్పున వెనక్కి వచ్చింది. చిన్న గీత మిగిలింది, అది పోలేదు.

అతను అద్దం బిగించి, తన పాత కెమెరా ఒకటి అరువిచ్చి, దూరంగా ఉన్నదేదైనా చూసి ఫోకస్ సరిగ్గా వస్తోందో లేదో చెప్పు అన్నాడు. ఇక్కడే నా పరువు కాస్తా పోయింది.

నిన్న సాయంత్రం డాబా ఎక్కి, పిట్టగోడ మీద లెన్సు ఆనించి చూస్తున్నాను. ఎదురు బిల్డింగ్ టీచరమ్మ కిటికీలోంచి, ఈ వయసులో ఇదేం పాడుబుద్ధి, నీ ఇంట్లో ఆడపిల్ల లేదా అని వీధంతా వినపడేలా కేకలేసింది. జనం పోగయ్యారు. నేను కిందికి దిగేసరికి వాచ్‌మన్ నా మొహం చూడలేక నేల చూశాడు. రోజూ నాతో పేకాడే కింది వాటా ఆయన, ఏం చూస్తున్నావో చెప్పు బావా, నేను నమ్ముతాను అన్నాడు. ఆ బిల్డింగ్ పైనున్న నీళ్ళ ట్యాంకు మీద అక్షరాలు చదువుతున్నానన్నాను. ఎవరో వెనక నుంచి, దాని మీద ఉన్నది ఒక్క మాటే కదా, కూడబలుక్కుని చదివావా అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. టీచరమ్మకి చేతులు జోడించి తప్పైపోయిందన్నాను. అమ్మ కంచం నా ముందు పెట్టి పక్క గదిలోకి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

ఇవాళ పాల కోసం గుమ్మం దాటలేకపోయాను. ఎవరో నీ చెవిన వేసేలోపు నేనే చెప్పుకోవాలనిపించింది. నా మూలంగా నువ్వు మాత్రం ఎవరి ముందూ తల దించుకోకు.

లెన్సుని మెత్తటి దుప్పటిలో చుట్టాను. ఈ ఉత్తరంతో పాటు అమ్మ తెస్తుంది. రేపటి ఆట ఫొటోలు నువ్వే తియ్యాలి, నువ్వే!

నీ మీదే ప్రాణం పెట్టుకుని, నీకు మొహం చూపించలేని
నాన్న

తా.క. అమ్మ చెప్పులు వేసుకుంటోంది, ఉండమని మళ్ళీ కవరు విప్పాను. ట్యాంకు మాట అబద్ధం తల్లీ. టీచరమ్మ కిటికీకి కాస్త పైగా, వెనక వీధిలో, మీ గది డాబా కనిపిస్తుంది. నిన్న అక్కడ నువ్వు బట్టలు ఆరేస్తున్నావు. రింగు తిప్పేసరికి నీ మొహం చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి వచ్చేసింది. చిక్కిపోయి ఉంటావని భయపడ్డాను, లేదు. నీ స్నేహితురాలు ఏదో అంటే తడి తువ్వాలుతో దాన్ని ఒక్కటేసి పడీ పడీ నవ్వావు. ఆ సంతోషంలో టీచరమ్మ మొదటి కేకలు నాకు వినపడనే లేదు. నా కూతుర్ని చూస్తున్నానని చెబితే అక్కడికక్కడే బయటపడేవాణ్ణి. కానీ చూడొద్దని నువ్వు చెప్పి వెళ్ళావు. నేను చూశాను. ఆడపిల్లకి తెలియకుండా చూశావంటే కాదని ఏ మొహంతో అంటాను? అందుకే ఆ మాట పడ్డాను. ఇంక చూడను. నీకు మనసైన రోజు, ఆ లెన్సుతో నువ్వే ఇటు తిరిగి చూడు. ఎవరేమన్నా సరే, సాయంత్రాలు డాబా మీద కుర్చీ వేసుకుని వట్టి చేతులతో కూర్చుంటాను.